మంచి పనివాళ్ళు దొరకట్లేదా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే దారిలో వచ్చాయి: మనుషులు దొరకట్లేదు, దొరికినా నిలవట్లేదు. ఐదుగురి నుంచి ఇరవై మంది దాకా పనిచేసే షాపుల ప్రశ్నలనే ఎంచుకున్నాం. టెక్సస్ ప్రశ్న తప్ప చట్టం లెక్కలన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ వర్తించేవే.

ప్రశ్న: చీరల షాపులో కౌంటర్‌కు ఆరుగురు అమ్మాయిలు కావాలి. ఏడాదిలో నలుగురు మానేశారు, వాళ్ళలో ఇద్దరు పదిహేను రోజులు కూడా లేరు. "సేల్స్‌గర్ల్స్ కావలెను" బోర్డు ఏడాది పొడుగునా వేలాడుతూనే ఉంది. నిలబడేవాళ్ళను ముందే గుర్తుపట్టే దారి ఉందా? (ఒక వ్యాపారి, రాజమహేంద్రవరం)

పదిహేను రోజుల్లో వెళ్ళిపోయిన ఆ ఇద్దరి సంగతి ముందు చూడండి. జీతమెంతో తెలిసే చేరారు కాబట్టి అంత తొందరగా మానేసింది జీతం చాలక కాకపోవచ్చు. చేరేటప్పుడు చెప్పనిది ఏదో చేరాక బయటపడి ఉంటుంది. రోజంతా నిలబడే ఉండాలి, ఆదివారం సెలవు లేదు, షట్టర్ సగం దించాక కూడా విప్పిన చీరలన్నీ మడతపెట్టి వెళ్ళాలి. ఇవి ఓనర్‌కు అలవాటైన విషయాలు కాబట్టి చెప్పాలనే తోచదు.

అందుకని పని ముందు బోర్డు మార్చడంతో మొదలుపెట్టండి. ఇలా రాయించండి: "చీరల కౌంటర్‌కు ఇద్దరు కావాలి. ఉదయం 11 నుంచి రాత్రి 8 దాకా, మధ్యలో గంట భోజనం. మంగళవారం సెలవు. శ్రావణమాసం, దసరా, సంక్రాంతి ముందు రెండు వారాలు 9.30 దాకా పని, అదనపు గంటలకు వేరే డబ్బు. జీతం 15,000, మూడు నెలలు దాటితే 16,000." జీతం అంకె బోర్డు మీద రాస్తే పక్క షాపుకు తెలిసిపోతుందని చాలామంది జంకుతారు. పక్క షాపుకు ఎలాగూ తెలుసు, తెలియనిది పనికోసం వచ్చే అమ్మాయికే. అంకె వేసే ముందు షాపుల షెడ్యూలు కింద మీ ప్రాంతపు కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ పట్టికలో చూసుకోండి. కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది కాబట్టి పోయినేడాది అంకె పనికిరాదు.

అడిగినవాళ్ళందరినీ షాపుకు పిలవకండి. ఫోన్లో ఐదు నిమిషాలు చాలు. ఎక్కడి నుంచి వస్తారు, రాత్రి 8 దాటాక ఇంటికి ఎలా వెళ్తారు, ఇంతకుముందు ఎక్కడ ఎన్నాళ్ళు చేశారు, ఎందుకు మానేశారు. రెండో ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేకపోతే మిగతావన్నీ బాగున్నా ఆ అమ్మాయి నిలవదు. ఆఖరి బస్సు 8.10కి అయితే మీ 8 గంటల షట్టర్ ఆమెకు ప్రతి రోజూ ఒక పరుగు పందెమే. రాత్రివేళ మహిళలతో పని చేయించాలంటే వాళ్ళ సమ్మతి కావాలి, భద్రంగా ఇల్లు చేరే ఏర్పాటూ ఉండాలి. సమ్మతిని కాగితం మీద తీసుకోండి. పెళ్ళెప్పుడు, పిల్లలెందరు, మీరేవాళ్ళు లాంటి ప్రశ్నలు అడగకండి. అవి మర్యాద కాదు, పైగా పని గురించి ఏమీ చెప్పవు.

పిలిచినవాళ్ళను కూర్చోబెట్టి "మీ గురించి చెప్పండి" అని అడిగితే మాటకారులు నెగ్గుతారు, పనివాళ్ళు ఓడిపోతారు. పనే చేయించి చూడండి. మీలో ఒకరు కొనడానికి వచ్చినట్టు నిలబడి "మా ఆడపడుచు గృహప్రవేశానికి పెట్టాలమ్మా, చీర చూపించు" అనండి. వెంటనే అలమారలోంచి పదిహేను చీరలు లాగి కుప్ప పోసిందా, లేక "ఎంతలో చూపించమంటారండీ? పట్టా, కాటనా? ఆవిడ వయసెంతండీ?" అని అడిగిందా గమనించండి. అడిగే అలవాటు ఉన్న అమ్మాయికి చీరల గురించి నేర్పడం తేలిక. అడగని అమ్మాయికి చీరలన్నీ తెలిసినా కౌంటర్ మీద గుట్టలు పెరుగుతాయి, సాయంత్రం మడతలూ పెరుగుతాయి.

తర్వాత ఆరు చీరలు ఇచ్చి మడతపెట్టమనండి. వేగం చూడొద్దు. పాత మడత గీత మీదే మళ్ళీ మడత వస్తోందా, జరీ అంచు లోపలికి పోతోందా బయటికి వస్తోందా చూడండి. చివరగా కాగితం, పెన్ను ఇచ్చి ఒక లెక్క చేయించండి: 1,450, 2,280, 860 రూపాయల చీరలు మూడు, పది శాతం తగ్గింపు, రెండింటికి ఫాల్, పీకో కలిపి ఒక్కోదానికి 150. జవాబు 4,431. తగ్గింపును ఫాల్ డబ్బుల మీద కూడా వేసి 4,401 అన్నవాళ్ళను తీసేయకండి. ఎక్కడ తప్పిందో చూపించి ఇంకో లెక్క ఇవ్వండి. రెండోసారి సరిగా చేస్తే మీకు కావలసిన మనిషి దొరికినట్టే.

పాత ఓనర్‌తో మాట్లాడాలంటే ముందు ఆ అమ్మాయి అనుమతి తీసుకోండి. ఇప్పుడు పనిచేస్తున్న చోటికి మాత్రం ఫోన్ చేయకండి, ఉన్న పని కూడా పోతుంది. పాత ఓనర్‌ను "అమ్మాయి మంచిదేనా?" అని అడిగితే ఎవరైనా మంచిదే అంటారు. "మళ్ళీ వస్తానంటే పెట్టుకుంటారా?" అని అడిగి, జవాబు వచ్చే ముందు ఎంతసేపు ఆగారో వినండి.

ఇక మూడు రోజుల ట్రయల్. ఆ మూడు రోజులకూ రోజుకూలి లెక్కన డబ్బిచ్చేయాలి, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా. ఊరికే చేయించుకుంటే నాలుగో రోజు ఊళ్ళో మాట పాకుతుంది, మంచివాళ్ళు మీ గుమ్మం ఎక్కరు. ట్రయల్ అయ్యాక నియామక పత్రం ఇవ్వండి. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఇది తప్పనిసరి, ఆరుగురున్న మీకూ ఒక పేజీ చాలు: పేరు, పని, జీతం, చెల్లించే తేదీ, వారపు సెలవు, నోటీసు గడువు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు మీ దగ్గర ఉంచుకోకండి. జిరాక్స్ తీసుకుని అక్కడికక్కడే తిరిగివ్వండి.

మొదటి వారం కొత్తమ్మాయిని కౌంటర్‌లో ఒంటరిగా వదిలేయడం చాలా షాపులు చేసే తప్పు. రోజుకొక రకం నేర్పండి. ఒకరోజు ఉప్పాడ, మర్నాడు మంగళగిరి, ఆ మర్నాడు వెంకటగిరి. గద్వాల చీర చేతికిచ్చి ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు అని తడిమి చూపిస్తే ఆ మాట మరిచిపోదు. "ఇది అసలు జరీయేనా?" అని అడిగే కొనుగోలుదారులకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అప్పుడే చెప్పండి. ఇంకొకటి, కౌంటర్ వెనక రెండు స్టూళ్ళు వేయండి. గిరాకీ లేనప్పుడు కూర్చోవచ్చని నోటితో చెప్పండి. చెప్పకపోతే స్టూలున్నా కూర్చోరు.

ప్రశ్న: మా బావమరిది కొడుకును షాపులో పెట్టుకోమని ఇంట్లో ఒత్తిడి. పెట్టుకోనా? (భీమవరం)

పెట్టుకోవచ్చు, మూడు షరతులతో. పై జవాబులో చెప్పిన పరీక్ష, ట్రయల్ అతనికీ పెట్టండి. అతను మీకు కాకుండా షాపులో సీనియర్‌కు జవాబుదారీగా ఉండాలి. పని కుదరకపోతే ఆరో నెలలో ఏం చేస్తారో ఇప్పుడే, మీ బావమరిది ఎదుటే చెప్పేయండి. ఈ మూడో మాట నోరు తిరగకపోతే పెట్టుకోకండి, ఆరు నెలల తర్వాత అసలే తిరగదు.

ప్రశ్న: టిఫిన్ సెంటర్ నడుపుతున్నా. మాస్టర్ 40 వేలు అడ్వాన్స్ తీసుకుని చెప్పాపెట్టకుండా పోయాడు. కొత్తగా వచ్చే ఆయన 50 వేలు ముందిస్తేనే పెనం పడతానంటున్నాడు. ఇవ్వకపోతే సెంటర్ మూతే. కాగితం రాయించుకుని ఇవ్వమంటారా? (కరీంనగర్)

ఇవ్వకండి. రాయించుకున్న కాగితం మీకు అక్కరకు రాదు, కొన్నిసార్లు ఎదురుతిరుగుతుంది కూడా. అడ్వాన్స్ తీరేదాకా పని మానకూడదని షరతు పెడితే అది 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కిందికి వస్తుంది. ఆధార్ కార్డో ఏటీఎం కార్డో కుదువ పెట్టించుకోవడం ఇంకా ప్రమాదం. అప్పు వసూలుకు సివిల్ దారి ఉంది, మనిషిని ఆపే దారి లేదు.

బేరం ఇలా చేయండి. జీతం 26 వేలు అనుకుంటే అడ్వాన్స్ సగం జీతానికి మించకూడదు, అంటే 13 వేలు. అదీ చేరిన నెల పూర్తయ్యాకే. బ్యాంకు ద్వారా ఇచ్చి, "నెలకు 2,000 చొప్పున కోత, మానేస్తే మిగిలినది ఆఖరి జీతంలో సర్దుబాటు" అని రెండు ప్రతులు రాసి ఇద్దరూ సంతకం చేయండి. అన్ని కోతలూ కలిపి ఆ నెల జీతంలో సగం దాటకూడదన్నది చట్టం. అతనికి నిజంగా ఇంటి అవసరం ఉంటే జీతాన్ని నెలకోసారి కాకుండా వారం వారం ఇస్తానని చెప్పి చూడండి. పెద్ద అడ్వాన్స్ అడిగే చాలామందికి అసలు కావలసింది ఇదే.

మీ అసలు జబ్బు మాత్రం వేరే ఉంది. 50 వేలు అడిగే ధైర్యం అతనికి ఎక్కడిదంటే, పిండి కొలత అతని చేతిలో ఉంది, మీ దగ్గర లేదు. "నాలుగు గ్లాసులు పప్పు, అందాజుగా నీళ్ళు" అన్నంతకాలం మీ సెంటర్ అతనిదే. వచ్చే మాస్టర్ ఎవరైనా మొదటి వారం ఒక తూకం యంత్రం పక్కన పెట్టండి. మినపగుళ్ళు ఎన్ని కిలోలు, రవ్వ ఎన్ని, ఎన్ని గంటలు నానింది, గ్రైండర్ ఎన్ని నిమిషాలు తిరిగింది, నీళ్ళు ఎన్ని లీటర్లు, ఉప్పు ఎన్ని గ్రాములు అన్నీ రాసుకోండి. ఉదాహరణకు ఇడ్లీకి కిలో గుళ్ళకు రెండు కిలోల రవ్వ అతని లెక్కయితే అదే మీ లెక్క. పిండి పొంగడానికి ఎండాకాలం ఆరేడు గంటలు చాలు, చలికాలం పన్నెండు దాకా పడుతుంది, అదీ రాయండి. పచ్చడి, సాంబారు కూడా ఇలాగే. అట్టకు రాసి, ప్లాస్టిక్ కవరు తొడిగి, గ్రైండర్ పైన గోడకు కొట్టండి.

ట్రయల్ రోజు ఇంకో కొలత చూడండి. దోసె పిండి సరిగ్గా కిలో తూచి ఇవ్వండి. గరిటెకు 90 గ్రాములు పడితే పదకొండు దోసెలు రావాలి. ఎనిమిదే వస్తే మందంగా పోస్తున్నాడు, లేదా పెనం మీద సగం అంటుకుపోతోంది. రద్దీ లేనప్పుడు అందంగా పోసి చూపించడం కాదు, పొద్దున 8 గంటల రద్దీలో వరసగా ముప్పై పోసేటప్పుడు చూడాలి. పెనం వేడి తగ్గితే నీళ్ళు చిలకరించి ఆగుతాడా, ఆర్డర్ తొందరలో పోసేస్తాడా అన్నది అప్పుడే తేలుతుంది.

ఇక హెల్పర్. గిరాకీ తక్కువుండే రోజు చూసుకుని వారానికి ఒక పూట పెనం అతనికి అప్పగించండి. మూడు నెలల్లో సాదా దోసె, ఊతప్పం పోయగలడు. పెనం పట్టిన పూటకు వంద రూపాయలు ఎక్కువ ఇవ్వండి. మాస్టర్ ఒప్పుకోడు. చేరేటప్పుడే "హెల్పర్‌కు నేర్పడం నీ పనిలో భాగం" అని నియామక పత్రంలో రాస్తే గొడవ ఉండదు, చేరాక చెబితే తప్పకుండా ఉంటుంది.

ప్రశ్న: కిరాణా సూపర్ మార్కెట్, రెండు కౌంటర్లు. రోజూ గల్లాలో 200, 300 తేడా వస్తోంది. ఆ తేడాను ఇద్దరు క్యాషియర్ల జీతంలో చెరిసగం కోస్తున్నాను. ఒకడు మానేస్తానంటున్నాడు. (నంద్యాల)

ఆ కోత చెల్లదు. తనకే అప్పగించిన డబ్బులో, తన నిర్లక్ష్యం వల్లే నేరుగా నష్టం వచ్చిందని తేలినప్పుడు, అతని సంజాయిషీ విన్నాకే కోయాలి. ఇద్దరికీ పంచడమంటే ఎవరి తప్పో తెలియదని మీరే ఒప్పుకున్నట్టు. మానేస్తానన్నవాడు బహుశా నిజాయితీపరుడు.

ముందు ఒక గల్లాకు ఒకే చెయ్యి. షిఫ్ట్ మొదట్లో 3,000 చిల్లర లెక్కపెట్టి ఇవ్వండి: పదులు 50, ఇరవైలు 25, యాభైలు 20, వందలు 10. అతను లెక్కపెట్టుకుని చీటీ మీద సంతకం చేయాలి. షిఫ్ట్ మారితే మళ్ళీ లెక్క, మళ్ళీ సంతకం. భోజనానికి లేచినా గల్లాకు తాళం వేసి వెళ్ళాలి, పక్కవాడు కూర్చోకూడదు. చాలా షాపుల్లో గల్లాలోకి దూరే మూడో చెయ్యి ఓనర్‌గారిదే. పాలవాడికి 500 తీసి ఇచ్చి చీటీ వేయడం మరిచిపోతే, రాత్రి ఆ తేడా క్యాషియర్ మెడకు చుట్టుకుంటుంది. మీరు తీసినా చీటీ వేయాల్సిందే.

రెండు వారాలు కోత ఆపి, రోజువారీ తేడాను మాత్రం పుస్తకంలో రాయండి. అంకెలే కథ చెబుతాయి. ఒకరోజు 40 తక్కువ, మర్నాడు 25 ఎక్కువ, ఇలా అటూ ఇటూ ఊగితే అది చిల్లర పొరపాటు. ఎప్పుడూ తక్కువే వస్తూ, అదీ 100, 200, 500 లాంటి గుండు అంకెలైతే అది పొరపాటు కాదు. 287, 146 లాంటి విడి అంకెలు తక్కువ వస్తుంటే బిల్లు మొత్తాలతో సరిపోల్చండి. డబ్బు రాని యూపీఐ బిల్లో, వెనక్కి తీసుకుని రిటర్న్ ఎంట్రీ వేయని సరుకో దొరుకుతుంది.

యూపీఐలో మోసాలు రెండు రకాలు. కొనేవాడు పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్ళిపోవడం ఒకటి. సౌండ్ బాక్స్ పలికితేనే సరుకు సంచి ఇవ్వాలని నియమం పెట్టండి. రెండోది కౌంటర్ మీద మీ క్యూఆర్ స్టిక్కర్ పక్కనో, దాని మీదనో ఇంకో స్టిక్కర్ కనబడటం. వారానికోసారి మీ ఫోన్‌తో స్కాన్ చేసి ఒక రూపాయి పంపి, ఎవరి పేరు వస్తుందో చూడండి. స్టిక్కర్‌ను గాజు కింద పెట్టడం ఇంకా మేలు. బిల్లులు మాత్రం మీ పాస్‌వర్డ్ లేకుండా క్యాన్సిల్ కాకుండా సాఫ్ట్‌వేర్‌లో మార్పించండి, క్యాషియర్‌కు ఆ అధికారం ఉండకూడదు.

సరుకు తేడా వేరే విషయం. ఏడాదికోసారి షాపు మూసి లెక్కపెట్టే బదులు రోజుకు ఇరవై రకాలు చొప్పున లెక్కపెట్టండి. చిన్నవి, ఖరీదైనవి ముందు: బ్లేడ్లు, కాఫీ పొడి, నెయ్యి, సబ్బులు.

ప్రశ్న: సెల్‌ఫోన్ రిపేరు షాపు. కుర్రాళ్ళకు నేర్పించగానే పక్క షాపువాడు వెయ్యి ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతున్నాడు. రెండేళ్ళు ఎక్కడా చేయకూడదని బాండు రాయించుకోవచ్చా? (తిరుపతి)

వెళ్ళిపోయాక ఎక్కడా పనిచేయకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మీరు నిజంగా డబ్బు కట్టి పంపిన కోర్సు ఫీజును వెనక్కి అడగవచ్చు, మీ షాపులో చూసి నేర్చుకున్నదానికి వెల కట్టలేరు.

పక్కవాడు ఇచ్చే వెయ్యి మీరే ముందు ఇచ్చేటట్టు మెట్లు కట్టండి. డిస్‌ప్లే, బ్యాటరీ మార్చడం మొదటి మెట్టు. ఛార్జింగ్ పోర్టు సోల్డరింగ్ రెండోది. బోర్డు మీద ఐసీ (చిప్) పని మూడోది. వరసగా పది రిపేర్లు చేసి, వాటిలో ఒక్కటీ నెల రోజుల్లో వెనక్కి రాకపోతే మెట్టు దాటినట్టు, మర్నెల నుంచి 1,500 పెంపు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో గోడమీద రాయండి. చూసి నేర్చుకున్న కుర్రాడికి "ఇంకెప్పుడు పెంచుతాడో" అన్న అనిశ్చితి ఉంటుంది, పక్కవాడి వెయ్యి పనిచేసేది ఆ సందులోనే. అయినా మూడో మెట్టు ఎక్కినవాళ్ళలో కొందరు సొంత షాపు పెడతారు. దాన్ని ఆపలేరు, బోర్డు పని మీకే పంపేలా మంచిగా ఉండండి.

ప్రశ్న: ఇప్పుడు తొమ్మిదిమంది ఉన్నారు. పదో మనిషి వస్తే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా), ఇరవయ్యో మనిషి వస్తే పీఎఫ్ (భవిష్య నిధి) అంటూ ఆడిటర్ ఆపుతున్నారు. రెండు పేర్లతో షాపు చీల్చమని మరొకరి సలహా. (ఏలూరు)

చీల్చకండి. ఒకే ఓనర్, ఒకే చోటు, ఒకే వ్యాపారం అయితే అధికారులు రెండూ కలిపే లెక్కిస్తారు, అప్పుడు పాత బకాయి వడ్డీతో కలిపి కట్టాలి. కాంట్రాక్టు మీద వచ్చే ఊడ్చే మనిషి, వాచ్‌మన్ కూడా తలల లెక్కలోకి వస్తారు.

నెల జీతం 15,000 అనుకుని చూడండి. ఈఎస్ఐలో మీ వాటా 3.25 శాతం, పైసలు సవరించి 488 రూపాయలు, అతని వాటా 0.75 శాతం, 113. జీతం 21,000 దాకా ఉన్నవాళ్ళకే ఇది. ఆ డబ్బుకు కుటుంబానికి వైద్యం, జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం, ప్రసూతికి 26 వారాల జీతం వస్తాయి. పనివాడి భార్యకు ఆపరేషన్ వస్తే మీ దగ్గర అడిగే అప్పుతో పోల్చుకుంటే 488 చాలా చౌక.

ఇరవైమంది అయితే పీఎఫ్. అతని జీతంలోంచి 12 శాతం, 1,800. మీరూ 1,800, అందులో 1,250 పెన్షన్ ఖాతాకు, 550 పీఎఫ్ ఖాతాకు పోతాయి. పైన బీమాకు 75, నిర్వహణ ఖర్చుకు 75. నిర్వహణ ఖర్చు సంస్థ మొత్తానికి నెలకు కనీసం 500. ఈఎస్ఐ, పీఎఫ్ రెండూ మర్నెల 15 లోపు కట్టాలి. తర్వాత మనుషులు తగ్గినా కవరేజీ తీసేయరు, ఆ లెక్కతోనే పదో మనిషిని పెట్టుకోండి. ఇరవైమంది అయితే బోనస్ కూడా ఉంది, ఏడాది జీతం మీద కనీసం 8.33 శాతం. దసరాకు ఇచ్చే బట్టలు ఇందులో సర్దుబాటు కావు.

అందరూ మరిచేది గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు పనిచేసిన ఏళ్ళ లెక్కన ఇచ్చే డబ్బు. పదిమందికే మొదలవుతుంది. ఐదేళ్ళు దాటినవాడికి ఆఖరి జీతాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఏళ్ళతో గుణించాలి. 15,000 జీతంతో ఏడేళ్ళు చేస్తే 60,577. కాలపరిమితి ఒప్పందంతో పెట్టుకున్నవాళ్ళకు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల (చట్టాల) ప్రకారం ఏడాదికే వర్తిస్తుంది. బేసిక్ (మూల వేతనం) తగ్గించి అలవెన్సులు పెంచే పాత చిట్కా కూడా ఇప్పుడు నడవదు. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినంత వేతనంలోనే కలుపుతారు.

ప్రశ్న: డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్, గ్రోసరీ స్టోర్ ఉంది. మన స్టూడెంట్లు పని అడుగుతున్నారు, క్యాష్ ఇచ్చి పెట్టుకోనా? (టెక్సస్)

వద్దు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే స్టేటస్ పోతుంది, తెలిసి పెట్టుకున్నందుకు మీకు జరిమానా. ఓపీటీ (చదువుకు అనుబంధంగా ఇచ్చే పని అనుమతి) ఉన్నా పని వాళ్ళ చదువుకు సంబంధించి ఉండాలి, కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి క్యాష్ కౌంటర్ ఆ కోవలోకి రాదు. ఎవరిని పెట్టుకున్నా ఐ-9లో (పనిచేసే అర్హత చూపే ఫారం) మొదటి భాగం మొదటి రోజే వాళ్ళు నింపాలి, పత్రాలు చూసి రెండో భాగం మూడు పని దినాల్లోపు మీరు నింపాలి. ఏ పత్రం చూపాలో ఎంచుకోవడం వాళ్ళ హక్కు, "గ్రీన్ కార్డే తెండి" అనకూడదు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. షిఫ్ట్ వేళలు మీరే నిర్ణయిస్తూ 1099 మీద, అంటే విడి కాంట్రాక్టర్లుగా చూపిస్తే నడవదు, వాళ్ళు ఉద్యోగులే, డబ్ల్యూ-2 (ఉద్యోగి జీతం, పన్ను ఫారం) ఇవ్వాలి.

ప్రశ్న: బైక్ సర్వీసు సెంటర్. మెకానిక్ చేతి పని అద్భుతం, మూడేళ్ళ నుంచి ఉన్నాడు. కానీ రోజూ అరగంట, ముప్పావు గంట లేటు. అతన్ని చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. అందరి ముందు నాలుగుసార్లు అరిచాను, మారలేదు. తీసేయాలనుకుంటున్నా. (హనుమకొండ)

నాలుగుసార్లు అరిచారు, ఒక్కసారీ అడిగినట్టు లేదు. ముందు రిజిస్టర్‌లోంచి తేదీలు, వచ్చిన టైములు రాసుకోండి. సాయంత్రం బండ్లన్నీ పోయాక పక్కకు కూర్చోబెట్టి మాట్లాడండి: "తమ్మీ, ఈ నెలల తొమ్మిది దినాలు పది దాటినంక వచ్చినవ్. పొద్దున తీసుకున్న బండ్లు సాయంత్రం ఆరింటికి ఇయ్యలేకపోతున్నం. ఏమైతుంది, చెప్పు." అని ఆగండి. ఆ తర్వాత మీరు మాట్లాడకపోవడమే కష్టమైన పని. బస్సు టైమో, బిడ్డను బడిలో దింపడమో కారణమైతే అతనికి 10 నుంచి 7 షిఫ్ట్ ఇవ్వండి, అందరికీ చెప్పి ఇవ్వండి. అప్పుడు అది లేటు కాదు, షిఫ్ట్. కారణం ఏమీ లేకపోతే మెమో ఇవ్వండి.

మెమోలో తిట్లు, "నిర్లక్ష్య ధోరణి" లాంటి మాటలు వద్దు. ఇలా చాలు: "మే నెలలో 4, 6, 9, 13, 16, 20, 23, 27, 30 తేదీల్లో 9.30 బదులు 10.05, 10.20 మధ్య వచ్చారు. జూన్ 1 నుంచి 9.30కు రావాలి. ఇబ్బంది ఉంటే మూడు రోజుల్లో రాసివ్వండి." ప్రతి మీద సంతకం తీసుకోండి. పెట్టనంటే ఇద్దరు సాక్షుల ముందు చదివి వినిపించి, ఆ మాటే రాసి, సాక్షుల సంతకాలు తీసుకోండి. నెల తర్వాత మళ్ళీ కూర్చోండి. మారితే అదీ చెప్పండి, మెమో ఇచ్చినంత గట్టిగా.

మారకపోతే, ఆరు నెలలు దాటిన మనిషిని షాపుల చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా తీయలేరు, నెల రోజుల రాతపూర్వక నోటీసో దాని బదులు నెల జీతమో ఇవ్వాలి. నోటీసు లేకుండా తీయాలంటే దుష్ప్రవర్తన విచారణలో రుజువు కావాలి: ఆరోపణ రాసివ్వడం, అతని జవాబు తీసుకోవడం, మీరు కాకుండా మరొకరు ఇద్దరినీ విని రాసుకోవడం. కోపంలో "రేపట్నుంచి రాకు" అన్న ఒక్క మాటతో ఇదంతా పాడవుతుంది, వాట్సాప్‌లో అంటే సాక్ష్యం కూడా మీరే ఇచ్చినట్టు.

వెళ్ళే రోజు లెక్క ముందే సిద్ధం చేసుకోండి. పనిచేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఇచ్చిన అడ్వాన్స్ కోత, అన్నీ ఒక కాగితం మీద. కొత్త వేతన కోడ్ ప్రకారం రెండు పని దినాల్లో చెల్లించాలి. పీఎఫ్ ఉంటే పోర్టల్‌లో ఆఖరి తేదీ నింపండి. అది నింపకపోతే అతని డబ్బు ఆగిపోతుంది, ఆరు నెలల తర్వాత మంచి గిరాకీ వేళ మీ సెంటర్ ముందు నిలబడతాడు.